కంపెనీ ఎవరి మాట వింటుంది?

మియాపూర్‌లో ఫ్లాట్ చూడ్డానికి వచ్చేవాళ్లు పగలే వస్తారు. ఏజెంటు బాల్కనీలో నిలబెట్టి మెట్రో స్టేషన్ ఎంత దూరమో, హైటెక్ సిటీకి ఎన్ని నిమిషాలో చెబుతాడు. ఇంటర్నేషనల్ స్కూలు అటు, ఆసుపత్రి ఇటు అని వేలుపెట్టి చూపిస్తాడు. చెప్పని సంగతి ఒక్కటే. అది రాత్రి పదకొండు దాటాక దానంతటదే తెలుస్తుంది.

కుళ్లిన క్యాబేజీకీ నెయిల్ పాలిష్‌కీ మధ్య ఎక్కడో ఉండే ఘాటు అది. ముందు ఎవరింట్లోనో గ్యాస్ లీకయిందేమో అనుకుంటారు. కాసేపటికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మేలుకుంటుంది. ‘సి బ్లాకులో కూడా వస్తోందా అండీ?’ ‘మా పాపకి దగ్గు ఆగట్లేదు.’ ‘పీసీబీకి ఫోన్ చేశాను, టీమ్ వస్తుందట.’ టీమ్ వచ్చేలోగా గాలి మళ్లుతుంది. తెల్లారేసరికి గ్రూపులో మళ్లీ గుడ్ మార్నింగ్ పూలు.

బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేట, బొల్లారం, మియాపూర్... ఈ వరసలో కాపురముండేవాళ్లకు ఇది ఏళ్ల నాటి గోడు. వాసన రాత్రే ఎందుకంటే దానికి రెండు జవాబులున్నాయి. మొదటిది వాతావరణం. పొద్దుగూకాక నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి కదలకుండా ఉండిపోతుంది. దానిపైన వెచ్చటి పొర నిలిచి కింది వాయువుల్ని పైకి పోనివ్వదు. చలికాలంలో ఇది మరీ ఎక్కువ. రెండోది జనం మాట: అడిగేవాడు ఉండడని రాత్రిళ్లే వదులుతారని. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) రాత్రి గస్తీ బృందాలను పెట్టిందంటే ఈ రెండో మాటను బోర్డు కూడా కొట్టిపారేయలేదన్నమాటే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ గ్రూపులో దగ్గుతున్నవాళ్లలో కొందరి ఉద్యోగమే పర్యావరణ లెక్కలు. మాదాపూర్, నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో కూర్చుని ఎక్కడో యూరప్‌లోని కంపెనీ ఎంత కార్బన్ వదిలింది, ఎంత నీరు వాడింది, సరఫరాదారుల్లో ఎవరు నియమాలు తప్పారు అన్న డ్యాష్‌బోర్డులు తయారుచేస్తారు. ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) అనే మూడక్షరాల మీద ఐటీ కారిడార్‌లో బృందాలకు బృందాలే పనిచేస్తున్నాయి. సాయంత్రం ఇంటికొచ్చి కిటికీలు మూసుకుంటారు. తమ వీధికి రెండు మూడు కిలోమీటర్ల అవతల ఏ రియాక్టర్లో ఏం ఉడుకుతోందో చెప్పే డ్యాష్‌బోర్డు వాళ్ల దగ్గర లేదు.

కంపెనీ మంచిచెడ్డలతో ముడిపడినవాళ్లందరినీ స్టేక్‌హోల్డర్లు అంటారు. వాటాదారు, కొనుగోలుదారు, కార్మికుడు, అప్పిచ్చిన బ్యాంకు, నియంత్రణ మండలి, పక్క ఊరి రైతు, పక్క వీధి ఇల్లాలు. ఎడ్వర్డ్ ఫ్రీమన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1984లో రాసిన పుస్తకంతో ఈ మాట మేనేజ్‌మెంట్ పాఠాల్లోకి ఎక్కింది. పాఠంలో అందరూ ఒకే వృత్తంలో, సమానమైన బాణాలతో కనిపిస్తారు. ముంబయి హైవే మీద మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా వెళ్లి చూస్తే బాణాల అసలు పొడవులు తెలుస్తాయి.

వాగు పక్కన డాక్టరు

హైదరాబాద్ మందుల రాజధాని కావడానికి బీజం 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్. బాలానగర్ దగ్గర దాని ప్లాంటులో పని నేర్చిన కెమిస్టులు, ఇంజినీర్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. తయారీ పద్ధతికి తప్ప మందుకు పేటెంటు లేదన్న 1970 నాటి చట్టం వాళ్లకు దారి తెరిచింది. అదే మందును వేరే పద్ధతిలో చేయగలిగితే చాలు. ఇవాళ ప్రపంచంలో పేదవాడికి అందే మాత్ర ధరలో ఈ హైవే వాటా చిన్నది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కథలో కంపెనీలను దయ్యాలుగా చూపిస్తే సగమే చెప్పినట్టు.

నగరం అంచున, వెనుకబడిన మెదక్ జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ లేచింది. రాయితీలున్నాయి, భూమి చవక. నీళ్లు పోవడానికి ఇసుకవాగు ఉంది. అది నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. వాగు రంగు మారింది. ఎనభైల నాటికి పోచారం, చిట్కుల్, బచ్చుగూడెం లాంటి ఊళ్లలో బావినీళ్లు నోట పెట్టుకునేందుకు పనికిరాకుండా పోయాయి. వాగు కింద వరి పండదు. పశువులు తాగి పడిపోతాయి.

పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్ ఎ.కిషన్‌రావుకు ఇదంతా రోగుల రూపంలో వచ్చింది. ఆయన చీటీ రాసి ఊరుకోలేదు. రైతుల్ని కూడగట్టారు, కాగితాలు పోగేశారు. 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. దాని ఫలితంగా కొన్ని పనులు జరిగాయి. నష్టపోయిన రైతులకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు. 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ అనే ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి, శుద్ధిచేసిన నీటిని మంజీర వైపు కాకుండా నగర మురుగుకాల్వల గుండా అంబర్‌పేట కేంద్రానికి మళ్లించారు. మంజీర బాధ మూసీకి బదిలీ అయిందని గిట్టనివాళ్లు అన్నారు. గిట్టినవాళ్లు కూడా పూర్తిగా కాదనలేకపోయారు.

కేసు మాత్రం సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రైబ్యునల్‌కు నడుస్తూనే ఉంది. 2004లో గ్రీన్‌పీస్ మెదక్ ఊళ్ల ఆరోగ్యంపై నివేదిక తెచ్చింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య మార్కులు వేస్తే, పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చాయి. డెబ్బై దాటితే ‘తీవ్ర కాలుష్య ప్రాంతం’. ఆ జాబితాలో ఉన్నవాటికి మరుసటేడు జనవరిలో కొత్త పరిశ్రమలు, విస్తరణలపై నిషేధం పెట్టారు. ఆ నిషేధం కూడా తర్వాత సడలిపోయింది.

ఇరవయ్యేళ్లలో రైతు, డాక్టరు, కోర్టు, మండలి కలిసి కదిలించింది ఇంత. ఏమీ లేదని కాదు. కానీ ఆ తర్వాత పదేళ్లలో జరిగినదాంతో పోల్చి చూడండి.

లీటరుకు 31 మిల్లీగ్రాములు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోఆకిమ్ లార్సన్, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. గుర్తుంచుకోవాలి, అవి శుద్ధి ‘అయిన’ నీళ్లు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి వచ్చేవి. ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ కాల్వ పాలవుతోంది. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడేంత మందు ఇక్కడ ఒక్క రోజులో పారబోసిన నీటిలో పోతోంది.

పరిశ్రమ ఈ లెక్కలను ఒప్పుకోలేదు. 2009 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ కథనంతో సంగతి ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో కాజీపల్లి చెరువులోనూ, ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు కనిపించాయి. యాంటీబయాటిక్ నిండిన నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదు. మందుకు లొంగని ఆ గుణాన్ని పక్క బ్యాక్టీరియాకు కూడా అందిస్తుంది. అది ఇసుకవాగులో పుట్టినా పాస్‌పోర్టు లేకుండా స్టాక్‌హోమ్ చేరగలదు.

స్టాక్‌హోమ్‌కు భయం పట్టుకున్నది అక్కడే. 2016లో నార్డియా అనే ఉత్తర యూరప్ పెట్టుబడి సంస్థ, తన డబ్బున్న ఔషధ కంపెనీల సరుకు ఎక్కడినుంచి వస్తోందో చూడమని హైదరాబాద్, విశాఖ పరిసరాల్లో పరిశీలన చేయించి నివేదిక బయటపెట్టింది. అదే సంవత్సరం నవంబరులో జర్మన్ టీవీ పాత్రికేయులతో వచ్చిన వైద్య పరిశోధకులు హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నమూనాలు తీసుకున్నారు. దాదాపు అన్నిట్లోనూ మొండి బ్యాక్టీరియా దొరికింది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. యాక్సెస్ టు మెడిసిన్ ఫౌండేషన్ 2018 నుంచి కంపెనీలకు వేస్తున్న ర్యాంకుల్లో వ్యర్థజలాలూ ఒక సబ్జెక్టు అయింది. ఆ పరీక్షలో కూర్చున్నవాటిలో మన అరబిందో ఫార్మా ఉంది.

అసలు దెబ్బ కొన్నవాడి నుంచి వచ్చింది. నార్వే ప్రభుత్వ ఆసుపత్రుల కొనుగోలు సంస్థ 2019 యాంటీబయాటిక్ టెండర్లలో పర్యావరణానికి 30 శాతం వెయిటేజీ ఇచ్చింది. అంతవరకు టెండరంటే ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే. జర్మనీలో ఏఓకే ఆరోగ్య బీమా సంస్థలూ 2020లో అదే దారి పట్టాయి. పెద్ద ఔషధ కంపెనీలు కలిసి యాంటీబయాటిక్ తయారీకి ఒక ఉమ్మడి ప్రమాణం పెట్టుకున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు నీటిలో ప్రమాదం లేని మోతాదు లీటరుకు 0.06 మైక్రోగ్రాములని లెక్కగట్టాయి. 2007లో పటాన్‌చెరులో దొరికింది దానికి అయిదు లక్షల రెట్లు.

కాగితమ్మీద అంకెలు కదా అనుకోవద్దు. మందుల కంపెనీలో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో. నెల ముందునుంచే రికార్డులు సర్దడం, నేల తుడవడం, సెలవులు రద్దు. ఆ అమెరికా అధికారి మాత్రలో మలినం ఎంతుందో పదిసార్లు చూస్తాడు. గోడ అవతల కాల్వలో ఎంతుందో చూడడు. అది ఆయన పని కాదు. మంచి తయారీ పద్ధతులన్న పేరుతో ప్రపంచమంతా నడిచే తనిఖీ, మందు తాగేవాడిని కాపాడటానికి పుట్టింది. మందు చేసిన ఊరిని కాపాడటానికి కాదు. నార్వే టెండరు, జర్మనీ బీమా చేసింది ఆ గోడ అవతలికి తొంగిచూడటం.

మన ప్రభుత్వం కూడా 2020 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీల నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు మందువారీగా పరిమితులు పెట్టిన ముసాయిదా అది. పరిశ్రమ అభ్యంతరం చెప్పింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. ఓస్లోలో కొనేవాడు అడిగినది ఢిల్లీలో పాలించేవాడు అడగలేకపోయాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలాలపై తొలి మార్గదర్శకాలను 2024 సెప్టెంబరులో గానీ విడుదల చేయలేదు.

జీరో అంటే ఎంత?

ఈ ఒత్తిళ్లన్నిటి తర్వాత పెద్ద కంపెనీల గేట్ల లోపల మార్పు వచ్చింది. దాని పేరు జీరో లిక్విడ్ డిశ్చార్జ్, వాడుకలో జెడ్‌ఎల్‌డీ. బొట్టు నీరు కూడా బయటికి పోకూడదు. రియాక్టర్ల నుంచి వచ్చే నీళ్లను ముందు ఉప్పు ఎక్కువున్నవి, తక్కువున్నవి అని విడదీస్తారు. ఎక్కువున్నవాటిని స్ట్రిప్పర్‌లోకి పంపి ఆవిరయ్యే ద్రావకాలను లాగేస్తారు. తర్వాత వరసగా నిలబెట్టిన ఎవాపరేటర్లు. ఒకదాని ఆవిరి ఇంకోదాన్ని వేడిచేస్తుంటే నీరు చిక్కబడి గుజ్జవుతుంది. డ్రయర్‌లో ఆ గుజ్జు ఎండి, చివరికి పసుపు, గోధుమరంగు ఉప్పు బస్తాలు మిగులుతాయి. అవి లారీల్లో దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాలి. తక్కువ ఉప్పున్న నీళ్లు బ్యాక్టీరియా ట్యాంకుల్లో, ఆపైన ఆర్‌ఓలో శుభ్రపడి కూలింగ్ టవర్లకు తిరిగొస్తాయి.

చదవడానికి బాగుంది. కానీ నీటిని మరిగించాలంటే బొగ్గో కరెంటో కావాలి. గుజ్జును డ్రయర్‌లో ఎండబెట్టే ఖర్చు కన్నా ట్యాంకర్లో నింపి రాత్రి ఏ నాలాలోనో వదిలేసే ఖర్చు ఎప్పుడూ తక్కువే. ఓస్లోకి సరుకు పంపే కంపెనీ ఆ ఖర్చు భరిస్తుంది, ఎందుకంటే టెండరు పోతే అంతకు పదింతలు పోతుంది. ఆ కంపెనీకి ముడి రసాయనం అమ్మే బొల్లారం షెడ్డులోని చిన్న యూనిట్‌కు ఓస్లో పేరే తెలియదు. దానికి తెలిసిందల్లా కిలోకు రెండు రూపాయలు తగ్గించమనే పర్చేజ్ మేనేజరు. విదేశీ ఒత్తిడి ఈ గొలుసులో మొదటి కొక్కెం దగ్గరే ఆగిపోతోంది.

ఆ ఒత్తిడి అడిగింది కూడా తనకు తగిలే ముప్పు గురించే. యాంటీబయాటిక్‌కు లొంగని సూక్ష్మజీవి విమానం ఎక్కుతుంది కాబట్టి దాని గురించి అడిగింది. టొల్యూన్, మెర్కాప్టాన్ల లాంటి రసాయనాల ఘాటు మియాపూర్ దాటి పోదు. కాబట్టి దాని గురించి అడిగే టెండరు కనిపించదు. ఎవరికి కాలిన చోట వాళ్లే చెయ్యి వెనక్కి లాగుతారు. కంపెనీ కూడా ఆ మేరకే కదులుతుంది.

లోపల ఏం జరుగుతోందో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు కార్మికుడు. అందరికన్నా తక్కువ మాట్లాడగలిగేవాడూ అతడే. ఒడిశా, బిహార్ల నుంచి కాంట్రాక్టరు తెచ్చిన కుర్రాడు ఏ వాల్వు ఎప్పుడు తిప్పారో చెబితే మరునాడు గేటు తెరుచుకోదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్ పేలుడు పదుల మందిని బలిగొంది. పాత యంత్రాల గురించి ముందే చెప్పినా పట్టించుకోలేదని ఒక మృతుడి కుటుంబం పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఉంది. అది నిజమా కాదా తేల్చాల్సింది దర్యాప్తు. ఆ మాట పేలుడుకు ముందు గేటు బయటికి రాలేదన్నది మాత్రం మనకు తెలుసు.

చెరువు గట్టున బోర్డు

కంపెనీల పర్యావరణ బాధ్యత అనగానే మన కళ్ల ముందు కనిపించేది చెరువు గట్టున నాటిన బోర్డు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. ఆ డబ్బుతో నగరంలో చెరువులు బాగుపడ్డాయి. దుర్గం చెరువును కె.రహేజా కార్ప్ చేపట్టింది. ఇవాళ అక్కడ నడకదారి, దీపాలు, బోట్లు, పైన తీగల వంతెన. సంతోషమే. కానీ గట్టు మీద ఆఫీసు మేడల అద్దెలున్న చెరువుకు ముందు వైద్యం అందింది. కాజీపల్లి, గండిగూడెం చెరువులకు ఎదురుగా అద్దెకిచ్చే అద్దాల మేడ ఒక్కటీ లేదు. పైగా సొంత ఫ్యాక్టరీ మురికిని శుభ్రం చేసుకోవడం సీఎస్‌ఆర్ కిందికి రాదు. అది వ్యాపారంలో భాగం. బెంచీ వేస్తే ఫొటో వస్తుంది, ఎవాపరేటర్ నడిపితే కరెంటు బిల్లు వస్తుంది.

కారిడార్ జనం గొంతెత్తితే వినపడదని కాదు. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కకపోతే, జింకల వీడియోలు ఊరంతా తిరగకపోతే అది అంత వేగంగా జరిగేది కాదు. అయితే అక్కడ ఎదురుగా ఉన్నది ప్రభుత్వం, భూమి. బుల్డోజరు కంటికి కనిపిస్తుంది. రాత్రి వాసనను వీడియో తీయలేం.

మియాపూర్ వాసి తరచూ అడిగేది ఒక్కటే: ఈ ఫ్యాక్టరీలను ఇక్కడినుంచి పంపించేయండి. ప్రభుత్వం కూడా ఆ దిశగానే కదులుతోంది. 2025 నవంబరులో తెచ్చిన హిల్ట్ విధానం, ఔటర్ రింగు రోడ్డు దాకా ఉన్న పాత పారిశ్రామికవాడల్లో 9 వేల ఎకరాలకు పైగా భూమిని ఇళ్లకు, ఆఫీసులకు వాడుకోనిస్తుంది. ఫ్యాక్టరీ యజమానికి భూమి విలువ, ఫ్లాటు యజమానికి గాలి. ఇద్దరికీ లాభమే. మరి రియాక్టరు ఎక్కడికి పోతుంది? ముచ్చర్లలో ఫార్మా సిటీకి సేకరించిన భూముల రైతులు ఏళ్లుగా కొట్లాడుతున్నారు. వికారాబాద్ జిల్లా లగచర్లలో 2024 నవంబరు 11న ఫార్మా భూసేకరణకు వచ్చిన అధికారులపై జనం తిరగబడ్డారు. కలెక్టరును సైతం అడ్డుకున్నారు. కేసులు, అరెస్టులు. నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుని, పారిశ్రామిక పార్కు పేరుతో మళ్లీ వచ్చింది. ముప్పయ్యేళ్ల కిందటి నక్కవాగు రైతు స్థానంలో లగచర్ల రైతు నిలబడ్డాడు. ఈసారి పటాన్‌చెరు ఏమైందో చూసినవాడు కాబట్టి ఫ్యాక్టరీ రాకముందే నిలబడ్డాడు.

ఫ్యాక్టరీని పంపించేయమనడం కన్నా ఉన్నచోటే సరిగ్గా నడపమనడం కష్టం. దానికి మియాపూర్ చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. వాట్సాప్ గ్రూపులో ఉన్న చాలామందికి డీమ్యాట్ ఖాతాలున్నాయి. నెలనెలా మ్యూచువల్ ఫండ్లకు కట్టే సిప్‌లో కొంత ఈ హైవే మీది కంపెనీల్లోకే వెళ్తుంది. అంటే వాసన భరించేవాడే వాటాదారు కూడా. నార్డియా చేసింది వాటాదారుగానే చేసింది.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 మే నెలలో తెచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే నివేదిక, మార్కెట్ విలువలో తొలి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022–23 నుంచి తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చదవచ్చు. నీటి వాడకం, వ్యర్థజలం, ప్రమాదకర వ్యర్థాల టన్నులు అన్నీ ఉంటాయి. మొదటి భాగంలోనే ఒక పట్టిక ఉంటుంది. ఈ ఏడాది ఎవరెవరి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కారం కాకుండా మిగిలాయి అని. వాటాదారులు, ఉద్యోగులు, కొనుగోలుదారులు అని వరసలున్నాయి. పై వరసలోనే ‘స్థానిక సమాజం’ ఉంటుంది. ఆ గడిలో సున్నా కనిపించడం మామూలే. పీసీబీకి అర్ధరాత్రి చేసిన ఫోన్లు ఆ గడిలోకి రావు. ఫిర్యాదు కంపెనీకి చేరాలి, కాగితం మీద, తేదీతో, రసీదుతో. చేరాక కూడా సున్నా వేస్తే అది సెబీ నియమం కింద ఇచ్చిన తప్పుడు లెక్క అవుతుంది.

బొల్లారం చిన్న షెడ్లు లిస్టెడ్ కావు, వాటికి ఈ పట్టిక వర్తించదు. కానీ వాటి దగ్గర కొనే పెద్ద కంపెనీలు లిస్టెడే. సరుకు ఎవరి దగ్గర కొంటున్నారు, ఆ యూనిట్ నీళ్లు ఏ ట్యాంకర్లో ఎక్కడికి పోతున్నాయి అని అడగవచ్చు. అడిగే చోటు వార్షిక సర్వసభ్య సమావేశం. చాలా కంపెనీలకు అది జూలై–సెప్టెంబరు మధ్య, ఎక్కువగా వీడియోలోనే. ఒక్క షేరు ఉన్నా చాలు, నోటీసులో ఇచ్చిన గడువులోగా స్పీకరుగా పేరు నమోదు చేయించుకోవాలి. మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలిస్తారు. డివిడెండ్ ఎంత, బోనస్ ఎప్పుడు అని అడిగేవాళ్ల వరసలో ఒక మియాపూర్ ఫ్లాట్ యజమాని ఆ ట్యాంకర్ల గురించి అడిగితే, ఛైర్మన్ ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. అది రికార్డవుతుంది కూడా.